మొదటి చుట్టు

"నడుచుకుంట వస్తనో, పాక్కుంట వస్తనో నాకు తెల్వదు. ఇయ్యాల నేను పార్కుకు వచ్చుడు వచ్చుడే."

గుల్జార్ బేగం మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడింది. ఒక కాలు నేల మీద ఉంది. కట్టు కట్టిన రెండో కాలు గాల్లో ఉంది. వాకర్ గది మూలన ఉంది.

"అమ్మీ, కూసో," అంది ఇక్రా. "డాక్టర్ ఇంక మూడు వారాలు కాలు కింద పెట్టొద్దన్నడు."

"డాక్టరొచ్చి తిప్పుతడా మన జెయింట్ వీల్?"

"నువ్వొచ్చి తిప్పుతవా?" అన్నాడు తౌఫీక్ గుమ్మంలోంచి.

కారు తాళాలు వేలికి తగిలించుకుని పది నిమిషాలుగా అక్కడే నిలబడి ఉన్నాడు. తొమ్మిదిన్నరకు హైదరాబాద్ నుంచి, పార్కును కొత్తగా మార్చబోయే కంపెనీ మనిషి సుశాంత్ వచ్చేస్తాడు. పది గంటలకు మర్పల్లి నుంచి స్కూలు బస్సు వస్తుంది. ఈ ఒక్క రోజు సవ్యంగా గడిపించమని తెల్లవారినప్పటి నుంచి దేవుణ్ణి అడుగుతున్నాడు. దేవుడి సంగతి ఏమో కానీ, వాళ్లమ్మ మాత్రం వినేలా లేదు.

"తిప్పుడు గాదు. మొదటి చుట్టుల నేను కూసుంట."

"అతియా కూసుంటది గద. రెండు నెలల సంది అదే కూసుంటున్నది."

అతియా తౌఫీక్ కూతురు. తొమ్మిదేళ్లు. ఆ పేరు వినగానే గుల్జార్ బేగం ముఖం మాడిపోయింది.

"ఆ పిల్లను ఎక్కియ్యద్దు. చెప్తున్న గద, ఎక్కియ్యద్దు."

"ఎందుకు?"

గుల్జార్ బేగం వాకర్ వైపు చెయ్యి చాపింది. తౌఫీక్ చెల్లెలి వైపు చూశాడు. "నువ్వే మాట్లాడు. ఈ ఇంట్ల ఒకరు నోరు తెరవరు, ఇంకొకరు మూయరు. నాతోని గాదు."

ఇక్రాకూ ఏమీ అంతుబట్టలేదు. అరగంట ముందు వరకు అమ్మ నిమ్మళంగానే ఉంది. ఇక్రా తాండూరులో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, మెకానికల్ డిప్లొమా చేసిన పిల్ల. రెండో శనివారం సెలవు కదా అని పొద్దుటి రైలుకే వికారాబాద్ వచ్చి, అమ్మ కాళ్ల దగ్గర కూచుని కబుర్లు మొదలుపెట్టింది. మాటల మధ్యలో గుల్జార్ బేగం అడిగింది, ఇప్పుడు మీ అబ్బా బోల్టులు కొట్టి చూసేటప్పుడు పక్కన ఎవరు నిలబడుతున్నారని.

"ఎవ్వరు లేరమ్మీ. ఒక్కడే కొట్టుకుంటడు. ఎందుకు?"

అంతే. అప్పటి నుంచి ఈ రభస.

బోల్టులు కొట్టడం ఆ ఇంటికి కొత్త కాదు. ఇక్రా తండ్రి అజమత్ రోజూ పొద్దున పార్కు తెరవక ముందు చిన్న సుత్తి పట్టుకుని, వీల్‌ను మోసే రెండు ఇనుప స్తంభాల మొదళ్లలో ఉన్న పదహారు బోల్టులనూ ఒక్కొక్కటిగా కొడతాడు. గట్టిగా ఉన్న బోల్టు గంటలా మోగుతుంది. వదులైనది మూగగా పలుకుతుంది. సరిగా ఉన్నదాని మీద సుద్దతో గీత పెడతాడు. కొన్నాళ్లుగా గుల్జార్ బేగం కూడా పక్కనే నిలబడి, ఆయన ఒక్కో దెబ్బ కొట్టినప్పుడల్లా చెయ్యి ఎత్తేది. ముసలితనంలో మొగుడూ పెళ్లాల ముచ్చట అని పిల్లలిద్దరూ నవ్వుకునేవాళ్లు. రెండు నెలల క్రితం ఆమె స్నానాలగదిలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ముచ్చట ఆగిపోయింది.

తౌఫీక్ విసురుగా వరండాలోకి వెళ్లాడు. అజమత్ వాకిలి వైపు తిరిగి, స్టూలు మీద కూచుని సాసర్లో చాయ్ పోసుకుంటున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గడ్డం దువ్వుకున్నాడు. పెళ్లిచూపులకు వెళ్లేవాడి హడావుడి అంతా చొక్కాలోనే ఉంది, మనిషిలో లేదు.

నిన్న సాయంత్రం తౌఫీక్ తెచ్చిన కంపెనీ ఒప్పంద పత్రాన్ని ఆయన నాలుగు మడతలు పెట్టి, ఊగిసలాడే బల్ల కాలి కింద దోపాడు. బల్ల కదలడం మానింది. అప్పటి నుంచి ఇంట్లో తండ్రీ కొడుకుల మధ్య మాటలూ మానాయి.

"అబ్బా, ఒక్క మాట," అన్నాడు తౌఫీక్ ఆయన వీపుతో. "కోపముంటే నన్ను తిట్టుండ్రి. కొట్టుండ్రి. సుశాంత్ ముంగట మాత్రం ఏమనద్దు. సరేనా?"

అజమత్ చాయ్ జుర్రాడు.

"అబ్బా. మీకే చెప్తున్న."

ఇంకో గుక్క.

"సరే అనుండ్రి, లేదనుండ్రి. ఏదో ఒకటి అనుండ్రి! ఎన్ని రోజులు గిట్ల? నేనేమన్న పార్కు అమ్ముకుని పారిపోతున్ననా? ఇంటి కొడుకును, గోడతోని మాట్లాడినట్టు మాట్లాడాల్నా?"

లోపల్నుంచి వింటున్న ఇక్రాకు అన్న మీద మొదటిసారి జాలి కలిగింది. అజమత్ సాసరు కింద పెట్టి, తువ్వాలుతో గడ్డం తుడుచుకుని ఇటు తిరిగాడు. కొడుకును చూశాడు.

"చాయ్ తాగినవా?" అన్నాడు.

తౌఫీక్ ముఖం ఎర్రబడింది. చెంపదెబ్బ తిన్నవాడిలా ఒక్క క్షణం నిలబడి, మెట్లు దిగి కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

లోపల వాకర్ కోసం గెంతుతున్న గుల్జార్ బేగం గట్టిగా అరిచింది. "ఆగుమను! ఇక్రా, మీ అబ్బాను ఆగుమను! నేనొచ్చే దాంక సుత్తి పట్టొద్దను!"

ఇక్రా పరుగెత్తింది. అప్పటికే అజమత్ స్కూటర్ స్టార్ట్ చేశాడు.

"అబ్బా! అమ్మీ పిలుస్తున్నది! అబ్బా!"

స్కూటర్ సందు మలుపు తిరిగింది. ఆయన వెనక్కి చూడలేదు. ఇక్రా ఫోన్ చేసింది. మూడుసార్లు రింగై ఆగిపోయింది.

"కోపం," అన్నాడు తౌఫీక్ కారుకు ఆనుకుని.

"కోపం గాదు భాయ్, బాధ," అంది ఇక్రా.

ఇద్దరికీ తమ తండ్రి బాగా తెలుసని గట్టి నమ్మకం. లోపల గుల్జార్ బేగం మంచం మీద కూలబడింది. ఆమె ఆ మౌనానికి ఏ పేరూ పెట్టలేదు.

"నన్ను తీసుకపోండ్రి బిడ్డా," అంది. ఈసారి అరవలేదు. చేతులు జోడించింది. తల్లి తనకు చేతులు జోడించడం ఇక్రా ఎన్నడూ చూడలేదు. భయమేసింది.

ఇంక వాదన లేదు. అన్నా చెల్లెలూ ఆమెను కుర్చీలో మోసుకొచ్చి కారు వెనక సీట్లో కూచోబెట్టి, వాకర్ పక్కన పెట్టారు. అతియా ముందు సీట్లో ఇక్రా ఒళ్లోకి ఎక్కింది.

గుల్షన్ పార్కు ఊరి బయట, తాండూరు రోడ్డు మీద ఉంటుంది. అజమత్ కుర్రతనంలో ఉర్సులకూ జాతరలకూ రాట్నాలు మోసుకుని తిరిగిన మనిషి. ఒకచోట కాలు నిలపాలనుకున్నప్పుడు ఆ నేల తీసుకుని వీల్ నిలబెట్టాడు. పన్నెండు డబ్బాల వీల్. తర్వాత గుర్రాల రాట్నం వచ్చింది, ఊగే కొలంబస్ ఓడ వచ్చింది, పిల్లల డ్రాగన్ రైలు వచ్చింది. అన్నీ ఒకప్పుడు కొత్తవే.

"భాయ్, మాట మీద ఉంటవు గద?" అంది ఇక్రా.

"నేనెప్పుడు తప్పిన? డ్రాగన్ పోతది, ఓడ పోతది, గుర్రాలు పోతయి. ఆ జాగల ట్రాంపోలిన్, జిప్‌లైన్, మంచు గది వస్తయి. నువ్వు కొట్లాడినవని వీల్ ఒక్కటి ఉంచుతమన్నరు. దాని కాడ అబ్బానే ఉంటడు. కానీ ఇయ్యాల సుశాంత్ కండ్ల ముంగట పిల్లలతోని సక్కగ తిరగాలె. తనిఖీ రిజిస్టర్ సక్కగ ఉండాలె."

"రిజిస్టర్ సక్కగనే ఉన్నది. సంతకం నాదే."

"బోల్టులు చూసి పెట్టినవా?"

"అబ్బా చూస్తడు. నేను గీతలు చూస్త. పదహారు గీతలుంటే పెడ్త."

"మరి నీ డిప్లొమా ఎందుకు?"

ఇక్రాకు చుర్రుమంది. "వికారాబాద్ల ఎవరినన్న అడుగు భాయ్. టికెట్ కిటికీ కాడ కూసోని, గుర్రాల రాట్నంల బేరింగ్ పోతున్నదని చెప్పిన మనిషి ఆయన. మిషన్ పెట్టి చూసినా దొరకని శబ్దం ఆయన చెవికి దొరుకుతది. నా డిప్లొమా ఆ చెవి ముందు ఎంత?"

"జర జల్ది పోనియ్," అంది వెనక నుంచి గుల్జార్ బేగం.

తౌఫీక్ కొంచెం వేగం పెంచాడు కానీ మాట ఆపలేదు. ఎన్నాళ్ల నుంచో లోపల దాచుకున్నది ఈ పొద్దున బయటపడుతోంది.

"శని, ఆదివారాలు అనంతగిరికి ఎంతమంది వస్తున్నరో చూసినవా? మన గేటు ముందు ఆగుతరు. తోక ఇరిగిన డ్రాగన్‌ను చూస్తరు. దాని పక్కన వంకరగ నిలబడి ఫొటో దిగుతరు. నవ్వుకుంట పోతరు. నేను కౌంటర్ల కూసోని చూస్త. నవ్వుతున్నది డ్రాగన్‌ను గాదు చెల్లే, మనల్ని. నువ్వు తాండూర్ల ఉంటవు, నీకు కనపడదు."

అన్న చెప్పినదాంట్లో అబద్ధం లేదని ఇక్రాకు తెలుసు. కానీ వీల్ వేరు. ఆ వీల్ పై డబ్బాలోంచే ఆమె మొదటిసారి రైలును ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కసారిగా చూసింది. ఆ రైలు ఎక్కి ఎక్కడికో పోయి ఏదో చదవాలని అప్పుడే అనుకుంది. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది.

"వీల్ గూడ పోతే అబ్బా ఇంట్ల కూసోని ఏం చేస్తడు?" అంది మెల్లగా. "మనిషి నిలబడడు భాయ్. పోతడు."

"అందుకే గద ఒప్పుకున్న," అన్నాడు తౌఫీక్. "నాకు మాత్రం అబ్బా గాదా?"

ఆ ఒక్క మాటకు కారులో కొంత ఊపిరాడింది.

పార్కు చేరేసరికి స్కూలు బస్సు ముందే వచ్చేసి ఉంది. మార్త టీచరు నలభై మంది పిల్లలను రెండు వరుసల్లో నిలబెట్టడానికి నానా తంటాలు పడుతోంది. వరుస ఈ చివర సరయ్యేలోగా ఆ చివర చెదిరిపోతోంది. లొల్లి ఆకాశాన్ని అంటుతోంది. వీల్ దగ్గర సుశాంత్ నిలబడి ఫోన్‌తో అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకుంటున్నాడు. ముప్పై లోపు కుర్రాడు. మర్యాదస్థుడు. కొత్త పార్కు బొమ్మలు గీసిన పెద్ద కాగితం చుట్ట చంకలో ఉంది.

"గుడ్ మార్నింగ్ మేడమ్," అన్నాడు ఇక్రాతో. "మీరు చెప్పింది కరెక్టే. పాతది ఒకటి ఉంటే ఫొటోలకు చాలా బాగుంటుంది."

ఫొటోలకు. ఇక్రా నవ్వింది. ఏ కారణంతో ఉంచినా వీల్ ఉంటే చాలు.

స్తంభాల మొదళ్లలో పదహారు బోల్టుల మీదా పదహారు తెల్లటి గీతలు మెరుస్తున్నాయి. అజమత్ పని అయిపోయింది. స్టార్టర్ పెట్టె పక్కన నిలబడి, కారులో వచ్చిన భార్యను చూసి నిర్ఘాంతపోయాడు. మరుక్షణం సుశాంత్ వైపు తిరిగి, అతను అడగకుండానే గబగబా చెప్పడం మొదలుపెట్టాడు.

"సార్, మా ఉస్తాద్ చెప్పిన మాట. మొదటి చుట్టు మనోళ్లది. మన మనిషి ఎక్కని దాంట్ల పరాయోళ్ల పిల్లలను ఎక్కియ్యద్దు. ఇన్నేండ్లల ఒక్క రోజు తప్పలే. మా బేగం కూసుంటుండె. ఇప్పుడు మా మనవరాలు."

"గ్రేట్ సార్. ఎన్నేళ్లయింది ఈ వీల్ పెట్టి?" అన్నాడు సుశాంత్.

అజమత్ తల ఊపి నవ్వాడు. సుశాంత్ వినయంగా ఇంకాస్త ఆగి, మళ్లీ ఫొటోలలో పడ్డాడు.

అతియాకు ఇవేమీ పట్టలేదు. కారు దిగడంతోనే పరుగెత్తి, కింద నిలిచి ఉన్న ఎర్ర డబ్బాలోకి ఎక్కి కూచుంది. నలభై మంది పిల్లల ముందు తొలి చుట్టు తనదేనన్న గర్వం దాని ముఖమంతా ఉంది.

"దించు!"

అందరూ ఉలిక్కిపడ్డారు. గుల్జార్ బేగం వాకర్ మీద వాలి, ఒంటికాలితో గెంతుతూ వస్తోంది. "చంద్రప్పా! పిల్లను దించు!"

చంద్రప్ప ఇరవై ఏళ్లుగా ఆ వీల్ దగ్గర జనాన్ని ఎక్కించి దించే మనిషి. అయోమయంగా చూశాడు. "ఏమైంది భాబీ? రోజు కూసునే పిల్లనే గద?"

"దించుమన్న గద. నేను కూసుంట."

అతియా ఏడుపు అందుకుంది. తౌఫీక్ పళ్లు కొరుక్కుంటూ వచ్చి కూతుర్ని ఎత్తుకున్నాడు. "అమ్మీ, మంది ముంగట ఇజ్జత్ తియ్యకు," అన్నాడు తగ్గు గొంతుతో. గుల్జార్ బేగం విననట్టే చంద్రప్ప భుజం పట్టుకుని డబ్బాలో కూచుంది. సుశాంత్‌కు ఇది భలేగా అనిపించింది. ముసలావిడ విరిగిన కాలితో తొలి చుట్టుకు రావడం! వీడియో తీయడం మొదలుపెట్టాడు.

డబ్బాలోంచి ఆమె మొగుణ్ణి చూసింది. గాల్లో సుత్తి కొట్టినట్టు పిడికిలి ఆడించింది. అజమత్ స్తంభం మీది గీతలను చూపించాడు. ఆమె తల అడ్డంగా ఊపి మళ్లీ పిడికిలి ఆడించింది. ఆయన తన కుడి అరచేయి తెరిచి, ఎడమ చేతి వేలితో దాన్ని తట్టి చూపించాడు. చేతికి తెలుస్తుంది అన్నట్టు. తర్వాత అటు తిరిగి స్టార్టర్ పెట్టె తలుపు తెరిచాడు.

ఆ మూగ సంభాషణ ఎవరికీ అర్థం కాలేదు. చూడటానికి అలకలా, బుజ్జగింపులా ఉంది.

"ఇక్రా, ఇటు రా," అంది గుల్జార్ బేగం. "సుత్తి తీస్కో. నువ్వు కొట్టు."

"అబ్బా కొట్టిండు గద అమ్మీ. గీతలున్నయి."

"గీత కండ్లకు కనపడ్తది. బోల్టు సంగతి చెవి చెప్తది. నువ్వు ఇని చూడు."

"గింత మంది ముంగట అబ్బా పనిని నేను మళ్లా చూస్తే ఏమనుకుంటరు? ఆయన మొఖం ఏం గావాలె?"

గుల్జార్ బేగం కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుంది. "రెండేండ్ల సంది నేను చేస్తున్న పనే బిడ్డా అది. ఒక్కసారి నువ్వు చెయ్యి. నా మీద ఒట్టు. ఏమున్నా నాకు మెల్లగ చెప్పు. ఎవ్వరికి ఇనపడద్దు."

ఆ మాట పూర్తిగా బుర్రకెక్కలేదు. అయినా ఒట్టు పెట్టాక ఏం చేస్తుంది? స్తంభం పక్కన బకెట్లో ఉన్న సుత్తి తీసుకుని, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగింది. సుశాంత్ చూడకపోతే బాగుండునని మనసులో అనుకుంటూ ఎడమ స్తంభం మొదటి బోల్టును కొట్టింది.

టంగ్.

పక్కది. టంగ్. ఎనిమిదీ గంటల్లా మోగాయి. చూశావా అన్నట్టు అమ్మ వైపు చూసింది. గుల్జార్ బేగం రెండో స్తంభం చూపించింది.

తొమ్మిది. పది. టంగ్, టంగ్. పదకొండో బోల్టు పలకలేదు. సుత్తి జారిందేమో అనుకుని మళ్లీ కొట్టింది. డప్. అంతే. తడి నేలను తట్టినట్టు.

ఇక్రా మోకాళ్ల మీద కూచుంది. బోల్టు కింది వాషర్ మీద వేలు పెట్టింది. అది వేలితో పాటు తిరిగింది. చుట్టూ సన్నటి ఎర్రటి పొడి రాలి ఉంది. ఇనుము ఇనుముతో రోజూ ఒరుసుకుంటే రాలే పొడి అది. ఎన్ని వారాల నుంచి రాలుతోందో! దాని పైన అబ్బా పెట్టిన గీత తాజాగా, తిన్నగా, తెల్లగా ఉంది.

పన్నెండు బాగానే ఉంది. పదమూడు మళ్లీ డప్. ఒకే స్తంభానికి రెండు.

తల ఎత్తి తండ్రిని చూసింది. నాలుగడుగుల దూరంలో, వీపు ఇటు పెట్టి నిలబడి ఉన్నాడు. ఇంతసేపూ ఆయన వెనకే పద్నాలుగు దెబ్బలు పడ్డాయి. తన సుత్తి, తన బోల్టులు. గుర్రాల రాట్నంలో బేరింగ్ అరుపును టికెట్ కిటికీ నుంచి పట్టిన మనిషి ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

అప్పుడు అర్థమైంది. స్కూటర్ ఎందుకు ఆగలేదో, ఫోన్ ఎందుకు ఎత్తలేదో, కొడుకు గొంతు చించుకుంటే చాయ్ తాగినవా అని ఎందుకు అడిగాడో అర్థమైంది. ఇల్లంతా అలక అనుకున్నది అలక కాదు. అమ్మ రోజూ చెయ్యి ఎత్తింది ముచ్చటకు కాదు. రెండేళ్లుగా ఆమె చెవులే ఆయన చెవులు. ఆ చెవులు మంచాన పడిన ఈ రెండు నెలలూ ఆయన పరువు కోసం సుత్తి ఆడించాడు. ఆ ఎర్ర డబ్బాలో రోజూ అతియాను పైకి పంపాడు. ఈ రెండు నెలల్లో ఇంటికి వచ్చిన ప్రతిసారీ తను గీతలు చూసి సంతకాలు పెట్టింది. పదహారూ సరిగా ఉన్నాయని ఇంజనీరింగ్ చదివిన చేత్తో రాసింది.

ఇక్రాకు ఏడుపొచ్చింది. కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. వీల్ కోసం అన్నతో నెలల తరబడి కొట్లాడింది. వీల్ కూడా పోవాలన్న అన్న మాట, అన్నకు తెలియని కారణంతో నిజమైంది. ఈ సంగతి బయటపెడితే వీల్ ఈ రోజే పోతుంది. వీల్‌తో పాటు అబ్బా చెవి కూడా ఊరి నోట్లో పడుతుంది. ఇన్నేళ్లూ ఆయన తల ఎత్తుకుని తిరిగింది ఆ చెవితోనే. బయటపెట్టకపోతే, అక్కడ రెండు వరుసల్లో నలభై మంది ఉన్నారు.

డబ్బా వైపు చూసింది. గుల్జార్ బేగం ఆ రెండు శబ్దాలనూ వింది. ఇన్నాళ్లూ చెయ్యి ఎత్తి బాగుందని చెప్పిన మనిషి ఇప్పుడు నెమ్మదిగా పిడికిలి మూసింది. రెండో చేతి వేలు పెదాల మీద పెట్టుకుంది. మెల్లగ చెప్పు.

"రైట్!" అని అరిచాడు చంద్రప్ప. డబ్బా అడ్డుకడ్డీ వేసి, అలవాటుగా పచ్చ గుడ్డ ఊపాడు. ఆ గుడ్డ కూడా రెండేళ్ల నుంచే ఉందని ఇక్రాకు ఇప్పుడు గుర్తొచ్చింది.

అజమత్ గుడ్డను చూశాడు. చెయ్యి స్టార్టర్ హ్యాండిల్ మీదికి వెళ్లింది.

"అబ్బా!" ఇక్రా గొంతు పగిలేలా అరిచింది. "ఆపుండ్రి! అబ్బా!"

చంద్రప్ప తిరిగాడు. మార్త టీచరు తిరిగింది. సుశాంత్ ఫోను దించి తిరిగాడు. అతియాను భుజం మీద వేసుకుని బయటికి నడుస్తున్న తౌఫీక్ తిరిగాడు. గేటు బయట బండి మీద జామకాయలు అమ్మేవాడు కూడా తిరిగి చూశాడు. పిల్లలు నోళ్లు తెరిచినవాళ్లు తెరిచినట్టే ఆగిపోయారు.

అజమత్ ఒక్కడే తిరగలేదు.

తౌఫీక్ తండ్రి వీపును చూశాడు. చెల్లెల్ని చూశాడు. మళ్లీ తండ్రి వీపును చూశాడు. భుజం మీది కూతుర్ని రెండు చేతులతో గట్టిగా హత్తుకున్నాడు. అతని ముఖంలో రంగు పోయింది.

ఇక్రా పరుగెత్తి వెళ్లి తండ్రి చేతి మీద చెయ్యి వేసింది. హ్యాండిల్ సగంలో ఆగింది. అజమత్ ఇటు తిరిగాడు. కూతుర్ని చూసి ముఖం విప్పారింది. ఆయన చూపు ఆమె కళ్ల దగ్గర ఆగలేదు. కిందికి జారి ఆమె పెదాల మీద నిలిచింది. ఎన్నాళ్లుగా అలా చూస్తున్నాడో, ప్రేమగా చూస్తున్నాడనుకుని మురిసిపోయింది తను.

ఆయన భుజం మీదుగా అమ్మ కనపడుతోంది. వేలు ఇంకా పెదాల మీదే ఉంది.

"ఏంది బిడ్డా?" అన్నాడు అజమత్ నవ్వుతూ. "గీ పిల్లల లొల్లిల ఏం ఇనపడ్తలేదు. జర గట్టిగ చెప్పు."

నలభై మంది పిల్లల్లో ఒక్కరు కూడా అప్పుడు మాట్లాడటం లేదు.